అవతలి గట్టున రైలు పట్టా

అర్మాస్ పడవ ఇంజనుకు నూనె పోస్తూ జవాబులు వల్లెవేసుకుంటున్నాడు. గట్టు నుంచి గట్టుకి కట్టిన ఇనుపతాడు పట్టుకుని సరస్సు పాయ దాటే పడవ అది. రెండు కార్లు, పదిమంది మనుషులు పడతారు. ఇరవై ఎనిమిదేళ్లుగా అతనే నడుపుతున్నాడు. వేసవి దాటితే ఇక్కడ వంతెన తెరుస్తారు. దిగువన పెద్ద పడవ మీద ఒక్క ఉద్యోగం ఖాళీ ఉంది, ఇవాళ దానికే ఇంటర్వ్యూ. అది రాకపోతే పింఛను వచ్చేదాకా నాలుగేళ్లు ఇంట్లో కిటికీ పక్కన కూచోవాలి.

పొద్దున నల్లటి రై ధాన్యపు రొట్టెకి వెన్న రాస్తూ భార్య సైమి పరీక్ష పెట్టింది.

"నీలో గొప్ప గుణం ఏంటి?"

"నీకు తెలుసుగా."

"నాకు కాదయ్యా, వాళ్లకి చెప్పాలి. పెళ్లినాడు 'సరే' అన్నావు చూడు, అంతకంటే రెండు మాటలు ఎక్కువ."

"తన్ను తాను పొగుడుకుంటే కంపు కొడుతుంది."

"అయితే ముక్కు మూసుకుని చెప్పు."

ఆమె ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మీద నూనె పడకుండా పాత కోటు తొడుక్కున్నాడు. భయం లేదు. పని తెలిసినవాడికి భయమెందుకు? మాటలంటేనే బెరుకు.

పడవ దగ్గర అతనికి బదులు మనిషి లేడు. అందుకని ప్రశ్నలు అడిగేవాళ్లే పది గంటలకు కారుతో సహా పడవెక్కారు. ఇంజనీరు మార్యుత్, జవాబులు రాసుకునే హన్ను. పొగమంచు దట్టంగా ఉంది. అవతలి గట్టు కనబడటం లేదు. నడిపే గదిలో అర్మాస్ ఇద్దరికీ కాఫీ పోశాడు.

"నడిమధ్యలో తాడు తెగితే?" అంది మార్యుత్.

"ఇంజను ఆపుతా. లంగరేస్తా. జనానికి లైఫ్ జాకెట్లు తొడుగుతా. తర్వాత ఫోను."

"ముందే ఫోను ఎందుకు చెయ్యరు?"

"ఫోను పడవని ఆపదు."

హన్ను నవ్వాపుకుంటూ రాసుకున్నాడు. నీళ్లు గడ్డకడితే, బరువు మించితే, తాగినవాడు కారెక్కిస్తానంటే, అన్నిటికీ అంతే పొడుగు జవాబులు. ఒక్కటీ తప్పు పోలేదు.

"మీలో గొప్ప గుణం చెప్పండి."

అర్మాస్ సైమి నేర్పింది వదిలేసి కాఫీ ఫ్లాస్కు మూత బిగించసాగాడు.

అప్పుడు పొగమంచులోంచి చప్పుడు వచ్చింది. అవతలి గట్టున రైలు పట్టా ముక్క వేలాడుతుంటుంది. పడవ కావలసినవాళ్లు సుత్తితో దాన్ని కొడతారు. ఠంగ్. చాలాసేపటికి ఇంకో ఠంగ్, నీరసంగా.

"ఇంపి అవ్వ," అంటూ లేచాడు. "ఎడంచేత్తో కొడుతోంది. కుడిచేతికేదో అయింది. మీ కారు కావాలి, ఆస్పత్రికి."

"చప్పుడుబట్టే చెప్పేస్తారా?"

"రోజూ వింటాగా."

అవతల ఇంపి అవ్వ కుడి మణికట్టును శాలువాతో గుండెకి కట్టుకుని నిలబడి ఉంది. వేళ్లు వాచాయి.

"ఆలస్యం చేశావురా."

"మాట్లాడుతున్నా అవ్వా."

"నువ్వా? ఏం తాగించారు నీకు?"

హన్ను కారు తలుపు తెరిచి అవ్వని కూర్చోబెట్టాడు. పడవ వెనక్కి తిరిగింది.

"ఆ ఆఖరి ప్రశ్న కొట్టెయ్ హన్నూ," అంది మార్యుత్.

శుక్రవారం కువోపియో పట్నం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సైమి రెండుసార్లు బిగ్గరగా చదివింది. ఉద్యోగం అతనిదే.

"సరే," అన్నాడు అర్మాస్.

సెప్టెంబరులో ఆఖరి ట్రిప్పు వేసి, పడవని గట్టుకి కట్టి, ఫ్లాస్కు చంకన పెట్టుకుని గట్టెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు పడవని లాక్కుపోయారు. అవతలి గట్టు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రైలు పట్టా అక్కడే వేలాడుతోంది. పక్కన గొలుసుకి సుత్తి ఉంది. ఊరందరి చేతులూ పట్టిపట్టి, దాని పిడి నడుమ అరిగి నున్నగా మెరుస్తోంది.