రాని రాష్ట్రానికి హద్దురాయి

నేను ఒక హద్దురాయిని. ఏ హద్దు కోసం నన్ను చెక్కారో ఆ హద్దు ఎన్నడూ ఏర్పడలేదు. మీరు చదువుకున్న చరిత్రలో మదరాసు రాష్ట్రం నుంచి తెలుగు జిల్లాలు విడిపోయి ఉండవచ్చు. నేను చూసిన చరిత్రలో విడిపోలేదు.

చిత్తూరు జిల్లా నగరి ఊరికి దక్షిణాన ఒక నల్లరాతి గుట్టలో పుట్టాను. 1953 ఎండాకాలంలో సర్వేయరు వచ్చి, రాళ్ళు కొట్టే చెంగప్పకు పన్నెండు హద్దురాళ్ళ పని అప్పగించాడు. ఒక ముఖాన తెలుగులో ‘ఆంధ్ర’ అని, రెండో ముఖాన తమిళంలో ‘మదరాసు’ అని ఉండాలి. గుట్ట కింద పారే చిన్న వంక వెంబడి మమ్మల్ని వరసగా పాతుతారట.

చెంగప్ప పొంగిపోయాడు. చిత్తూరులో సభ అంటే చాలు, ఉలి పక్కన పడేసి నడిచిపోయే మనిషి. ఆయన తండ్రి పొలం ఒక కోర్టు తగాదాలో పోయింది. అక్కడ చదివిన కాగితంలో ఒక్క ముక్క కూడా ఆ ముసలాయనకు అర్థం కాలేదు. తన భాషలో తనకు జవాబు చెప్పే కచేరీ ఒకటి ఉండాలని చెంగప్ప ఆశ. అంతకుమించి రాజకీయం ఆయనకు తెలియదు.

పన్నెండింటిలో నన్నే మొదట ఎంచుకున్నాడు. మూడు రోజుల్లో అయ్యే పనికి తొమ్మిది రోజులు తీసుకున్నాడు. ‘ధ్ర’ కింద క్రావడి తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. నేలను పంచుకోవడానికి మనుషులకు ఇంత అందమైన అక్షరాలు ఎందుకో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

రెండో ముఖం దగ్గర చిక్కు వచ్చింది. ఆయనకు తమిళం రాయడం రాదు. ఆయన భార్య వళ్ళియమ్మకు వచ్చు. ఆమె పుట్టిల్లు వంకకు అవతల, తిరుత్తణి దారిలో, రెండు మైళ్ళ దూరంలో ఉండేది.

“సుద్దముక్కతో రాసియ్యి వళ్ళీ. దాని మిందనే ఉలి పెట్టుకుంటా పోతా,” అని అడిగాడు.

ఆమె నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. “ఇది పాతితే మా యమ్మ ఏ పక్క? నేను ఏ పక్క?”

“వంక దాటి పోవద్దని ఎవురన్నా అన్నారా?”

“ఈరోజు అనలేదు. రాయి పాతినోళ్ళు రేపు కంచె వెయ్యరా? మా యమ్మకీ నాకూ నడాన నా చేత్తో గీత గీయమంటావా?”

“నీకు మీ యమ్మే కావాల. నా బాధ నీకు పట్టదు,” అన్నాడు చెంగప్ప.

ఆమె సుద్దముక్క నా మీద పెట్టేసి, బట్టలు మూట కట్టుకుని, వంక దాటి వెళ్ళిపోయింది. చెంగప్ప ఆపలేదు. మిగిలిన పదకొండు రాళ్ళకూ తెలుగు ముఖం చెక్కుతూ కూర్చున్నాడు. తానే వండుకునేవాడు. సంకటి అడుగంటిన వాసన గుట్ట దాకా వచ్చేది.

శ్రావణంలో కబురు వచ్చింది. మదరాసు పట్నం ఎవరికి దక్కాలన్న తగవు తెగలేదట. రాష్ట్రం ఒకటిగానే ఉంటుందనీ, తెలుగు జిల్లాల్లో బడీ కోర్టూ కచేరీ తెలుగులోనే నడుస్తాయనీ పెద్దలు ఒప్పందం రాసుకున్నారట. ఊళ్ళో కొందరు టపాకాయలు కాల్చారు, కొందరు తలుపులు వేసుకున్నారు. చెంగప్ప తలుపు వేసుకున్నవాడు.

రాళ్ళు పగలగొట్టి రోడ్డుకు కంకర చెయ్యమని సర్వేయరు మనిషిని పంపాడు. చెంగప్ప సమ్మెట ఎత్తాడు. పదకొండు రాళ్ళు నా కళ్ళముందే ముక్కలయ్యాయి. ప్రతి దెబ్బకూ ఆయన నోట్లో ఏదో గొణుక్కునేవాడు. నా వంతు వచ్చేసరికి కళ్ళు తుడుచుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

“దాన్ని ఎందుకు కొడతాండావు?”

వళ్ళియమ్మ. తడిసిన చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని ఉంది. వంకలో నీళ్ళు వచ్చినట్టున్నాయి.

“నువ్వు గెలిచినావు కదా. ఇంకేం కావాల నీకు?” అన్నాడు చెంగప్ప, సమ్మెట దించకుండానే.

“నేను గెలిచేదానికి ఎవురితో కొట్లాడినా? మా యమ్మను ఇడిచి ఉండలేనన్నా, అంతే. నువ్వు తొమ్మిది దినాలు కూడు మాని చెక్కింది పగలగొట్టమని నేనెప్పుడన్నా?” ఆమె వచ్చి నా మీద కూర్చుంది. “కొట్టు, చూద్దాం.”

ఆయన సమ్మెట పక్కన పడేసి, నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఏమీ ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా కూర్చుని, ఆ తరువాత “బండి తీసకరా, ఇంటికి తోలుకుపోదాం,” అంది.

అలా నేను వాళ్ళ వాకిట్లో అరుగునయ్యాను. ముప్పై అయిదేళ్ళు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు సాయంత్రపు ఎండకు కాగినట్టు ఉంటుంది. ఆమె తమ్ముళ్ళ బండ్లు వంక దాటి మల్లెపూల గంపలతో వచ్చి, ఎవరినీ అడగకుండా మా వాకిట ఆగేవి. పిల్లలు తమిళంలో కొట్టుకుని, తెలుగులో చాడీలు చెప్పేవారు. చెంగప్ప నా మీద కూర్చుని, ఏ పథకం వచ్చినా అటుపక్క తమిళ జిల్లాలకే పోతోందని పేపరు చూసి తిట్టేవాడు. “అదే మన రాష్ట్రమయ్యుంటేనా!” అనేవాడు. “అయ్యుంటే ఇంకొకరిని తిడతా ఉంటావు,” అనేది వళ్ళియమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించేది.

ఒక మాఘమాసంలో ఆయన నిద్రలోనే పోయాడు. గుట్ట పక్కన పూడ్చారు. తలాపున పాలరాయి పెట్టి పేరు చెక్కిద్దామన్నాడు పెద్దకొడుకు.

“పేరు తెలీని వాళ్ళు ఎవురొస్తారు ఈడికి?” అంది వళ్ళియమ్మ. “వాకిట్లో రాయి తీసకపోండి.”

నలుగురు మోసుకెళ్ళి నన్ను ఆయన తలదగ్గర నిలబెట్టారు. తెలుగు ముఖం ఊరివైపు తిప్పమని ఆమే చెప్పింది. నేలలో నిటారుగా పాతడం కోసమే పుట్టిన నన్ను, చివరికి అలా పాతారు. ఆయన అడిగిన రాష్ట్రం ఆయనకు ఆరడుగుల మేర దక్కింది.

శుక్రవారం పూట ఆమె వస్తుంది. ఒంగి నా మొదలు చుట్టూ గడ్డి పీకి, పక్కన చతికిలబడి ఊరి సంగతులు చెబుతుంది. మనవరాలి పెళ్ళి కుదరడం, వంకకు వంతెన కట్టడం, అన్నీ. మొన్న వచ్చినప్పుడు నా అక్షరాల్లో దుమ్ము కొంగుతో తుడిచింది.

“ఏమయ్యా, మీవాళ్ళు మళ్ళీ రాష్ట్రం అడగతాండారంట. పేపర్లో ఏసినాడు,” అంది.

ఆయన ఏదో అంటాడన్నట్టు కాసేపు ఆగింది. ఆ తరువాత కొంగు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది.