కుప్పం నుంచి వచ్చిన దర్జీ

పుంగనూరులో అంబిక ఇంట్లో ఆదివారం జరిగే ప్రార్థన కూటానికి పదకొండు మంది వచ్చేవాళ్ళు. మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే అంబికకు వారమంతటికీ నెమ్మది దొరికే పూట అదొక్కటే. వేసవిలో ఒక ఆదివారం కొందరు యువకులు లోపలికొచ్చి, జనాన్ని మతం మారుస్తున్నారంటూ పాటల పుస్తకాలు చించేశారు. మరునాడే ఇంటి ఓనరు ఇక్కడ కూటాలు వద్దన్నాడు.

ఊరి బయట ఖాళీగా ఉన్న పట్టుపురుగుల షెడ్డుకు మారారు. ఆ సంగతి సంఘంలో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా రెండో వారానికే ఆ యువకులు మోటారు సైకిళ్ళ మీద అక్కడికీ వచ్చారు. తోపులాటలో ముసలి మునెప్ప చెయ్యి విరిగింది.

"మనలోనే ఎవురో చెప్తాండారు," అన్నాడు సుబ్రమణ్యం. హాస్టల్లో వంట చేసే ఆయనే సంఘంలో పాటలు ఎత్తేది, పాస్టరు రాని వారాల్లో వాక్యం చెప్పేది. "కొత్తగా వచ్చినోడు గిరిబాబు ఒక్కడే గదమ్మా. ప్రార్థనలో ఎప్పుడన్నా కండ్లు మూస్తాడా సూడు. నేను కుప్పం పోయి విచారించినా. ఆడ గూడా ఒక సంఘాన్ని ఇట్లే పట్టిచ్చినాడంట."

గిరిబాబు కుప్పం దగ్గర గుడుపల్లె మనిషి. పుంగనూరులో ఒక బట్టల కొట్లో కుట్టుపని చేస్తున్నాడు. ఆ మాట విన్నాక అంబిక చూపు అతని మీదే నిలిచింది. నిజమే, ఎప్పుడూ వాకిలి పక్కనే కూర్చుంటాడు. కళ్ళు మూయడు. షెడ్డు వదిలి మునెప్ప ఇంట్లో కూడిన మొదటి ఆదివారం అతని ఫోన్ మోగింది. బయటికిపోయి, అరనిమిషంలో తిరిగొచ్చాడు.

"ఎవురప్పా ఫోన్లో?" అని అడిగింది అంబిక.

"మాయమ్మ."

"అంతలోనే అయిపోయిందా?"

"ఆయమ్మ మాట్లాడదక్కా. ఊరికే చేసి పెట్టేస్తాది."

అబద్ధమైనా అతికేటట్టు చెప్పలేడా అనుకుంది అంబిక. కూటం అయ్యాక, వచ్చే వారం నుంచి రావద్దని చెప్పింది. ఎందుకని అతను అడగలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అతను పోయినా ఆమెకు నెమ్మది రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుంటే మాటలు రావు. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు ఎవరి చెవిలో ఏం చెప్పారు అన్నవే మనసులో తిరిగేవి. రుజువు దొరికితే పాస్టరుకు చెప్పి తేల్చుకుందామని, సెలవు రోజున పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటోలో గుడుపల్లె చేరింది.

దర్జీ గిరిబాబు అంటే మూతపడ్డ ఒక అంగడి చూపించారు. బోర్డు మీద పేరు గీకేసి ఉంది. వెనకవీధిలో అతని తల్లి మంగమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తోంది.

"నువ్వూ ఆ ప్రార్థనోళ్ళ మనిషివేనా?" అంది మంగమ్మ. "నా కొడుకు బాగుండాడా?"

"బాగుండాడమ్మా. ఊరిడిసి యాల వచ్చినాడు?"

"కండ్లు మూసుకుని ప్రార్థన చేస్తాంటే ఊర్లోవాళ్ళు ఎనకనుంచి తలమీద కొట్టినారు. ఎనిమిది కుట్లు పడినాయి. వానితో మాట్లాడితే నన్ను గూడా ఎలేస్తామన్న్యారు. అందుకే ఫోన్ చేసి, వాని గొంతు ఇని పెట్టేస్తాండా."

అంబిక ఆమె పక్కన కూర్చుని అడిగింది. "పుంగనూరు నుంచి ఎవురన్నా వచ్చి వాని గురించి విచారించినారా?"

"ఎవురూ రాల్యా. నువ్వే వచ్చింది."

తిరుగు బస్సులో ఆమెకు సుబ్రమణ్యం మాటలే గుర్తొచ్చాయి. షెడ్డు చూసిపెట్టింది ఆయనే. గొడవ జరిగిన రోజు ముందే లేచి వెళ్ళిందీ ఆయనే. ఇలా ఒక్కొక్కటీ కలుపుతున్న తన మనసును చూసి ఆమెకే భయమేసింది. గిరిబాబు విషయంలోనూ ఇలాగే కలిపింది కదా. ఈసారి ఇంకొకరి చెవిన వేయకుండా నేరుగా ఆయన ఇంటికే వెళ్ళింది.

"నువ్వు కుప్పం పోలేదు గదన్నా," అంది.

సుబ్రమణ్యం తల వంచుకున్నాడు. "ఆ పిలకాయలు హాస్టల్లో పని తీపిస్తామన్న్యారు. చోటు చెప్తే చాలు, ఊరికే బెదిరిచ్చి పోతామన్న్యారు. మునెప్ప చెయ్యి ఇరుగుతాదని అనుకోలేదమ్మా."

"గిరిబాబు మీదికి యాల తోసినావు?"

"ఆయప్ప తరఫున అడిగేదానికి ఎవురూ లేరు గదా."

"ఆదివారం అందరి ముందరా ఇది నువ్వే చెప్పల్ల," అని అంబిక లేచింది.

మరునాడు బట్టల కొట్టుకు పోయి గిరిబాబును క్షమించమంది. అతను మిషను ఆపాడు. "నేనూ నిన్నే అనుమానించినానక్కా. తప్పు చేసినోళ్ళే ఇంకొకర్ని ఎళ్ళగొడతారని," అన్నాడు. ఆదివారం వస్తావా అంటే, చూస్తానన్నాడు.

ఇక దాక్కునేది లేదని అంబిక నిర్ణయించుకుంది. ఫలానా చోట, ఫలానా వేళ ప్రార్థన చేసుకుంటామని, రక్షణ కావాలని కాగితం రాసి పోలీసు స్టేషన్‌లో ఇచ్చింది. ఆరుగురు సంతకాలు పెట్టారు. మిగిలినవాళ్ళు భయపడ్డారు. ఆమె వాళ్ళను తప్పుపట్టలేదు.

ఆదివారం మునెప్ప ఇంట్లో సుబ్రమణ్యం నిలబడి జరిగిందంతా చెప్పాడు. ఒక కుటుంబం లేచి వెళ్ళిపోయింది. మునెప్ప కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆయన్నే చూశాడు. "కూసోప్పా," అన్నాడు, అంతే.

గిరిబాబు ఆలస్యంగా వచ్చాడు. అప్పుడే వీధిలో మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. అంబిక చూపు వాకిలి వైపు కాక, ముందుగా సుబ్రమణ్యం మొహం మీదికి పోయింది. ఆయన గుర్తించాడు. ఇద్దరూ తలలు దించుకున్నారు. ఈ అనుమానం ఒక్క వారంలో పోయేది కాదని, దీంతోనే ప్రతి ఆదివారం ప్రార్థనలో కూర్చోవాలని ఆమెకు అర్థమైంది.

పాట ఎత్తబోయిన సుబ్రమణ్యానికి గొంతు రాలేదు. కాసేపు చూసి గిరిబాబే ఎత్తాడు. శ్రుతి లేదు. అంబిక అందుకుంది, తర్వాత మునెప్ప, తర్వాత మిగిలినవాళ్ళు. వీధిలో మోటారు సైకిలు ఇంకా కదల్లేదు. వాళ్ళు రెండో చరణం మొదలుపెట్టారు.