కూలిన గోడకి మరమ్మతు లేదట

ఇస్త్రీ అక్క ఇంటి వెనక గోడ వానకు కూలింది. గోడవారన మంచంలో పడుకున్న ఆమె అత్తకు కాలు విరిగింది. మూడో రోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేదల ఇళ్ళ మరమ్మతుకు ప్రభుత్వమిచ్చే సాయం ఎవరికి దక్కాలో తేల్చేది ఆయనే. వీధంతా చుట్టూ మూగాం.

"గోడేది?" అన్నాడు.

"అదిగోనయ్యా, కుప్పగా పడుంది," అంది అక్క.

"లేని గోడకి మరమ్మతు ఎలా రాస్తానమ్మా? ఈ పథకం రిపేర్లకే. కొత్తగా కట్టుకోడానికి కాదు."

"పోయినేడు పగులు చూపిస్తే, గోడ నిలబడే ఉంది, సాయం అక్కర్లేదని రాశారు కదయ్యా!"

"అప్పుడు నిలబడే ఉంది మరి," అని సంతకం గీకి వెళ్ళిపోయాడు.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. ముసలమ్మ మూలుగు వినబడి ఆ నవ్వు సగంలోనే చచ్చింది.

సాయంత్రం కుళాయి దగ్గర కూడాం. నేను మిల్లులో తెగిన దారాలు అతికే మనిషిని. నలుగురిలో నోరు విప్పడం అక్కడి కార్మిక సంఘంలో నేర్చుకున్నాను. "మీ ఇళ్ళ సంగతేమిటి?" అని నేనడిగాకే ఒక్కొక్కరూ బయటపడ్డారు. ఒకరి కప్పు కారుతోంది. ఇంకొకరి దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరి సిగ్గు వాళ్ళు తలుపేసి దాచుకున్నారు.

"ఆఫీసర్లతో మనకెందుకమ్మా? ఉన్న కొంప కూడా ఊడుతుంది," అన్నాడు ఆటో బావ.

తాపీ తాతకు ఒళ్ళు మండింది. "ఆ ఆఫీసు గోడలు కట్టింది ఈ చేతులేరా! దానికి ఏటేటా సున్నం కొడతారే, అందుకెవడైనా దరఖాస్తు పెట్టాడా? అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాం. మనం అడుక్కునేదేమిట్రా?"

"అయితే ఇక ఒక్కొక్కళ్ళం పోవద్దు," అన్నాను.

మర్నాడు ముసలమ్మను మంచంతో సహా ఆఫీసుకు మోసుకెళ్ళాం. ముందు కోడు పట్టింది ఆటో బావే. హాలు నడుమ మంచం దించాం. గుమస్తా బల్ల మీది ఫైళ్ళు పక్కకు నెట్టి ఇస్త్రీ అక్క బట్టలు రుద్దుకోడానికి దుప్పటి పరిచింది.

"ఏమిటీ దౌర్జన్యం?" అని ఇన్‌స్పెక్టరు ఊగిపోయాడు.

"దౌర్జన్యం కాదు బాబూ, కాపురం. మా గోడ లేచేదాకా ఇక్కడే," అంది అక్క.

పోలీసులొచ్చారు. అక్కనూ తాతనూ ఈడ్చుకెళ్ళి వ్యానెక్కించారు. "ముసలామెని ఇంట్లో దింపండి," అన్నాడు ఎస్సై.

"ఏ ఇంట్లోరా నాయనా?" అంది ముసలమ్మ.

వరండాలో పొద్దుటినుంచీ కాగితాలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. మా వీధివాళ్ళు కారు. మాకు ముఖపరిచయం కూడా లేదు. వాళ్ళలో పాలు పోసే ఆవిడ ఒకతి వరస వదిలి నడిచొచ్చి వ్యాను ముందు చతికిలబడింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక మేమంతా. లాఠీలు లేచాయి. ఎవ్వరూ లేవలేదు.

తాపీ తాత వ్యాను కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు చివరిదాకా చూసి, గొంతు చించుకుని అరిచాడు:

"జరిగి కూర్చోండర్రా! ఇంకా వస్తున్నారు!"