నొక్కినా తల తిప్పని పురుగు

సుప్రియ ఆ ఇంటికి కోడలై వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో ఆమె చెయ్యి పడని చోటు లేదు. వంటింట్లో పోపుడబ్బా మొదలుకొని పెరట్లో పొదుగు ముట్టుకుంటే తన్నే గేదె దాకా అన్నిటినీ మచ్చిక చేసుకుంది, ఒక్క పురుగుల గదిని తప్ప. ఆ గడప ఆమె దాటలేదు. దాటనివ్వలేదు అనడం న్యాయం. అత్త నారాయణమ్మ వెన్నలాంటి మనిషి, కోడలిని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ పట్టుపురుగుల గది దగ్గరికి వచ్చేసరికి ఆమె ముందు పోలీసు స్టేషన్ సెంట్రీ కూడా బలాదూర్.

గుడుపల్లెలో పట్టుపురుగులు పెంచని ఇల్లు అరుదు. గుడ్డులోంచి బయటపడిన పురుగు గూడు కట్టేదాకా పాతిక రోజులు ఇంటిల్లిపాదీ వాటికి చాకిరీ చేయాల్సిందే. నారాయణమ్మ పద్ధతులు మరీ కఠినం. బ్లీచింగ్ నీళ్లలో చేతులు కడుక్కోవాలి, సున్నం పొడి తొక్కి లోపలికి పోవాలి, తలకు వాసన నూనె రాసుకోకూడదు, లోపల గట్టిగా మాట్లాడకూడదు. ఇవన్నీ చేస్తానన్నా సుప్రియను రానివ్వదే. సుప్రియ మొగుడు రాజేంద్ర పోతాడు. ఆకు వెయ్యడానికి సాయమొచ్చే ఎదురింటి చిన్నమ్మ పోతుంది. కోడలు అడిగితే మాత్రం కొత్త సెయ్యి, ఇంకా కొన్నాళ్లు పోనీ అంటుంది. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో చెప్పదు.

కిటికీకి కొట్టిన నైలాన్ వలలోంచి తట్టల వంక చూస్తూ సుప్రియ ఉడికిపోయేది. మదనపల్లెలో టమాటా మార్కెట్ పక్క వీధిలో పుట్టినదానికి పురుగుల మీద ఇంత మోజేమిటని చిన్నమ్మ ఎగతాళి చేసేది. మోజు పురుగుల మీద కాదు తల్లీ. ఆ గదిలోకి పోయినవాళ్లు ఆ ఇంటి మనుషులు, పోనివాళ్లు వచ్చిపోయే చుట్టాలు. సొంత ఇంట్లో ఎనిమిది నెలలు చుట్టంగా ఉండి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

సుప్రియ రోజూ మధ్యాహ్నం బస్సెక్కి కుప్పం పోయేది. బస్టాండు వెనక వీధిలో ఉన్న కంప్యూటర్ సెంటర్లో, బడి వదిలాక వచ్చే పిల్లలకు పాఠాలు చెప్పేది. అది రెండువేల ఎనిమిదో సంవత్సరం. సెంటర్ చూసుకునే హనీఫ్ ఆ వేసవిలో బెంగుళూరు నుంచి ఒక సీడీ తెచ్చాడు. కంప్యూటర్ గురించి ఓనమాలు మాత్రమే తెలిసినవాళ్లు కూడా సొంతంగా ఆటలు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. దాని కిటుకంతా ఒక్కటే. తెర మీద మనం పెట్టిన ప్రతి బొమ్మకూ ఒక స్క్రిప్టు రాయొచ్చు. ఈ బొమ్మ మీద నొక్కితే ఇది జరగాలి అని నాలుగు లైన్లలో రాసిపెడితే చాలు. తలుపు బొమ్మ మీద నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, కుక్క బొమ్మ మీద నొక్కితే మొరుగుతుంది. రాయకపోతే అది ఉత్త బొమ్మ, ఉలకదు పలకదు.

పిల్లలు కార్లూ తుపాకులూ చేసుకుంటుంటే సుప్రియకు ఇంకో ఆలోచన వచ్చింది. తనను రానివ్వని గదిని తనే కట్టుకుంటుంది. తట్టలు, ఆకు గంప, సున్నం డబ్బా, పురుగులు, అన్నీ పెడుతుంది. ఏది ఎప్పుడు చెయ్యాలో తనకు ఎంత బాగా తెలుసో అత్తకు తెర మీద చూపిస్తుంది. చూశాక కూడా అత్త వద్దంటుందా?

నెల రోజులు తిండీ నిద్రా పక్కనబెట్టి అదే పనిగా కూర్చుంది. మొదటి వారం పురుగు మీద ఎంత నొక్కినా అది కదల్లేదు. స్క్రిప్టు పదిసార్లు చదివినా తప్పు కనబడలేదు, ఏడుపొక్కటే తక్కువ. చివరికి హనీఫ్ వచ్చి చూసి నవ్వాడు. తట్ట బొమ్మ పురుగుల పైన ఉంది. దాని నడిమి భాగం ఖాళీ కాబట్టి పురుగులు కనబడుతున్నాయి గానీ, నొక్కు పడేది తట్ట మీదే. తట్టను కిందికి దించాక ఇంకో తంటా వచ్చింది. ఒక పురుగు మీద నొక్కితే తట్టలోని పురుగులన్నీ తినడం మొదలుపెట్టాయి. అదీ సరిచేసింది. ఆకు గంప మీద నొక్కి, పురుగు మీద నొక్కితే ఆ పురుగు తల తిప్పి కరకరా నమిలి కాస్త లావెక్కింది. ఆ రోజు ఆమె ఆనందం చూసి, పంట చేతికొచ్చినా ఇంతుండదని హనీఫ్ వేళాకోళమాడాడు.

జ్వరాలు పెట్టడం కూడా మరిచిపోలేదు. అది ఒళ్లు కాలే జ్వరం కాదు. పురుగు పాత చర్మం విడిచే ముందు తల పైకెత్తి, మేత ముట్టకుండా, ఒక రోజు కదలక మెదలక ఉండిపోతుంది. అక్కడి రైతులు దాన్ని జ్వరం అంటారు. గూడు కట్టేలోపు నాలుగుసార్లు వస్తుంది. సుప్రియ తలెత్తిన పురుగు బొమ్మలు గీసి, తెర పైన ‘జ్వరం’ అని తెలుగులో రాసి మురిసిపోయింది.

అప్పుడు ఇంట్లో పెరుగుతున్న పంటకు మూడో జ్వరం వచ్చిన నాడు నారాయణమ్మ, గూళ్లు కట్టించే వెదురు చంద్రికలు అద్దెకు మాట్లాడాలని కుప్పం వచ్చింది. సుప్రియ ఆమెను బతిమాలి సెంటర్‌కు పట్టుకొచ్చింది. నారాయణమ్మ చెప్పులు బయటే విడిచింది. పురుగుల గది చూపిస్తానని కోడలు చెప్పింది కదా, కొళాయి ఎక్కడుందని అడిగి చేతులు కడుక్కొచ్చింది. అవసరం లేదు పెద్దమ్మా అని హనీఫ్ చెప్పినా చెవిన వేసుకోలేదు. చేతులు పైటకు తుడుచుకుని, కోడలు చూపించినట్టు మౌస్ మీద చెయ్యి ఆనించింది. మొదట బాణం తెరంతా పరుగులు పెట్టింది. కాసేపటికి లొంగింది. ఆకు గంప, పురుగు. ఆకు గంప, పురుగు. పురుగు తల తిప్పి నమిలినప్పుడల్లా నారాయణమ్మ పెదవులు తెలియకుండానే కదిలేవి. రెండో తట్టలో పురుగులు పలచగా ఉండాయే, ఇట్లుంటేనే బాగా పెరుగుతాయి అని మెచ్చుకుంది. సుప్రియకు కడుపు నిండిపోయింది.

అంతలో తెర మీద జ్వరం వచ్చింది. పురుగులన్నీ తలలెత్తి ఆగిపోయాయి. నారాయణమ్మ మౌస్ మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం గడిచింది. అత్తకు ఏం చెయ్యాలో తోచడం లేదనుకుంది సుప్రియ. నొక్కండత్తా, నొక్కితేగానీ ఆట ముందుకు పోదు అంది. నారాయణమ్మ కదల్లేదు. ఇక సుప్రియ ఆగలేకపోయింది. ఎప్పుడెప్పుడు మిగతా ఆట చూపిద్దామా అని ఆత్రం. తనే మౌస్ లాక్కుని ఆకు గంప మీద నొక్కి, పురుగు మీద నొక్కింది. జ్వరంలో ఉన్న పురుగు తల తిప్పి కరకరా ఆకు నమిలింది.

నారాయణమ్మ కుర్చీలోంచి లేచింది.

“ఇందుకే నిన్ను లోపలికి రానీలేదు” అని, చెప్పులు తొడుక్కుని వీధిలోకి నడిచింది.

జ్వరంలో పురుగుకు ఆకు వెయ్యకూడదని సుప్రియకు అప్పుడు గుర్తొచ్చింది. జ్వరం బొమ్మ గీసింది, పేరు రాసింది, కానీ పురుగు స్క్రిప్టు మాత్రం మార్చలేదు. ఎప్పుడు నొక్కినా తినేట్టు రాసింది, అంతే. నెల రోజుల కష్టం ఒక్క నొక్కుతో బూడిదలో పోసిన పన్నీరైంది. సంచీ భుజాన వేసుకుని పరుగెత్తుకుంటూ పోయి బస్టాండులో అత్తను పట్టుకుంది. ఇద్దరూ గుడుపల్లె బస్సెక్కి పక్కపక్కనే కూర్చున్నారు.

రైల్వే గేటు దాటాక నారాయణమ్మే మాట్లాడింది. కిటికీ బయటికి చూస్తూ మాట్లాడింది. ఆమె పుట్టిల్లు పుంగనూరు. ఇంటినిండా ఆవులు, దూడలు. దూడ మేత ముట్టకపోతే వాళ్ల అవ్వ పక్కన కూర్చుని, గడ్డం నిమిరి, పచ్చగడ్డి నోటికందించి తినిపించేది. తినని జీవానికి దగ్గరుండి తినిపించాలి, అదే నేర్చుకుంది. పదిహేడేళ్లకు గుడుపల్లె కోడలై వచ్చింది. మొదటి పంటలోనే వాళ్ల అత్త పురుగుల గది అప్పగించి చంద్రికల కోసం పోయింది. ఆ రోజు నాలుగో జ్వరం. వేల పురుగులు తలలెత్తి, తిండి లేకుండా ఉన్నాయి. చూసి చూసి నారాయణమ్మకు కడుపు తరుక్కుపోయింది. తోటకు పోయి తడి ఆరని లేత ఆకు కోసుకొచ్చి తట్టలన్నిటికీ చల్లింది. జ్వరం నుంచి ముందు లేచినవి తిన్నాయి, లేవనివి ఆకు కింద పడిపోయాయి, తట్టలు చెమ్మబారాయి. నాలుగు రోజులకు, పురుగుల ఒళ్లు ఉబ్బి పాలలా కారే పాలరోగం వచ్చింది. గూడు కట్టాల్సిన పంటంతా గుంట తీసి పూడ్చారు.

“మా అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు. ఆరేండ్లు ఆ గదిలోకి మాత్రం రానీలేదు” అంది నారాయణమ్మ.

సుప్రియ కళ్లు తుడుచుకుంది. మొండిపిల్ల, ఆ కళ్లతోనే నవ్వింది కూడా.

“అయితే నాకింకా ఐదేండ్ల పైన ఉండాదా అత్తా?”

నారాయణమ్మకూ నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు సీట్లో కూర్చున్నాయన వెనక్కి తిరిగి చూశాడు.

సుప్రియకు కాస్త ధైర్యం వచ్చింది. ఆట సరిచేస్తానంది. జ్వరంలో ఎవరైనా ఆకు వేస్తే ఆ పురుగు చచ్చిపోయేట్టు రాస్తానంది, అప్పుడుగానీ పిల్లలకు బుద్ధి రాదంది. నారాయణమ్మ ఊరి మలుపు కనబడ్డాక చెప్పింది.

“సంపొద్దు. జాలిపడి పెట్టినోళ్లకు సావు సూపిస్తే ఇంగ జన్మలో దేనికీ పెట్టరు. నొక్కినా అది తల తిప్పకూడదు, అంతే. సెయ్యి దానంతట అదే ఎనక్కొస్తాది.”

వినడానికి అదెంత పని అనిపిస్తుంది. సుప్రియకు మూడు రోజులు పట్టింది. జ్వరంలో ఉందా లేదా అని పురుగు ముందు తనను తాను చూసుకోవాలి. ఉంటే నొక్కు అందినా ఊరుకోవాలి. నొక్కకపోయినా పొద్దు దానంతట అది గడవాలి, పురుగులు వాటంతట అవి లేవాలి. నెల రోజులు అన్నిటినీ పలికించడం నేర్చుకున్నది ఇప్పుడు ఒకదాన్ని పలకకుండా ఉంచడం నేర్చుకోవాల్సి వచ్చింది. పిల్లలు ఆడి చూసి, టకటకా నొక్కి, కంప్యూటర్ హ్యాంగైంది మేడమ్ అని గోల పెట్టారు. హ్యాంగ్ కాలేదు, కాచుకోండి అని చెప్పింది. ఒకరిద్దరు కాచుకున్నారు. మిగతావాళ్లు తమ కార్ల ఆటకు పోయారు.

ఇంట్లో మాత్రం ఏ మార్పూ లేదు. నారాయణమ్మ ఆట గురించి ఎత్తలేదు, గది గురించి అసలే ఎత్తలేదు. మూడో జ్వరం నుంచి లేచిన పురుగులకు ఆకలి ఎక్కువ, ఆకు మీద ఆకు వేయాలి. రాజేంద్ర తోటకూ ఇంటికీ తిరిగి తిరిగి అలిసిపోతున్నాడు. సుప్రియ మోపులు గడప దాకా మోసేది, గడప దగ్గర చిన్నమ్మ అందుకునేది. బస్సులో మాట్లాడుకున్నదంతా కలేమో అనిపించింది. ఐదేళ్లని నవ్వులాటకు అన్నాను గానీ నిజమే కాబోలు అనుకుని, రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. తిననిదాన్ని అత్త గమనించింది. గమనించి ఊరుకుంది.

నాలుగో జ్వరం నాడు ఉదయం సుప్రియ అంట్లు తోముతుంటే పురుగుల గది గడపలోంచి పిలుపు వచ్చింది. చేతులు కడుక్కుని రమ్మంది అత్త.

బూడిద చేతులతో అలాగే లేచింది. బ్లీచింగ్ నీళ్లలో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుంది, సున్నం తొక్కింది, గడప దాటింది. ఎనిమిది నెలలుగా కలవరించిన గది అది. లోపల చల్లగా, ఎండుటాకు వాసనగా ఉంది. తట్టల నిండా పురుగులు, అన్నీ తలలెత్తి, ఒక్కటీ కదలకుండా ఉన్నాయి. కిటికీ వలలోంచి చూడడం వేరు, ఇంత దగ్గర నిలబడి చూడడం వేరు. పాపం, ఎంత ఆకలిమీద ఉన్నాయో అనిపించింది. అన్నీ తెలిసీ, స్క్రిప్టు తన చేత్తో తనే రాసీ, ఆమె కళ్లు ఆకు గంప కోసం వెతికాయి.

ఏం చెయ్యాలత్తా అని మెల్లగా అడిగింది.

నారాయణమ్మ గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుని ఉంది. పక్కన చోటు చూపించింది.

“ఏమీ లేదు. ఈ దినం ఈడ పనేమీ లేదు, కూసో” అంది. కోడలు కూర్చున్నాక గొంతు ఇంకా తగ్గించింది. “ముప్పై ఏండ్లాయె, జ్వరం దినం నేను ఇంట్లో ఉండను. యాడికో ఒక సోటికి పోతాను. ఉంటే ఈ సెయ్యి ఆగదని బయం. ఈ తూరి పోలేదు. ఇద్దురముంటే ఆగుతాదేమోనని నిన్ను పిలిచినా.”

సుప్రియ అత్త చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. పొద్దు వాలి, మొదటి పురుగు పాత చర్మంలోంచి మెల్లగా ముందుకు జరిగేదాకా ఇద్దరూ ఆ గదిలో ఏ పనీ చేయలేదు.