ఎవరి పొగ

ఏనుగు మీద చేట బోర్లించి దాచినట్టుంది మా తమ్ముడి తెలివి, ఇంతెత్తు బొగ్గు కొలిమికి నీలం టార్పాలిన్ చుట్టి తాళ్లు బిగించేస్తే అది కొలిమి కాకుండా పోతుందా, నిన్నటిదాకా మండిన ఒళ్లు దానిది, వేడి ఇంకా చల్లారలేదు, టార్పాలిన్ అంచులు మెత్తబడి వంకర్లు తిరుగుతున్నాయి, వీడేమో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటుకీ నాకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, అక్కా, నువ్వు నోరు మెదపకు, మిగతాది నేను చూసుకుంటాను, ఏం చూసుకుంటావురా, నాన్న పోయాక ఈ ఇనుప పోత షెడ్డును చూసుకుంటున్నది ఎవరు, అచ్చుల ఇసుకలో తడి సరిపోయిందో లేదో పిడికిట్లో పట్టి చూసేది ఎవరు, అద్దెకు తెచ్చిన చిన్న కరెంటు కొలిమిని పెళ్లికూతుర్లా ముందు నిలబెట్టి, సరుకంతా ఇందులోనే కరిగిస్తాం సార్ అని తనే చెబుతాడట, ఆ బుల్లిదానికి మా సరుకు కరిగించాలంటే ఏడాది పడుతుంది, ఆ సంగతి పనివాళ్లందరికీ తెలుసు, అందుకే పొద్దుట్నించి ఒక్కరూ నా మొహం చూడటం లేదు.

వచ్చాడు కొలతలాయన, మేం పెట్టుకున్న పేరే, కొనేవాళ్లు పంపిన మనిషి, వస్తువును కాదు, దాన్ని చేయడానికి వదిలిన పొగను కొలుస్తాడు, మురుగు కాలువల మూతలు మేం పోసేవి, ఓడెక్కి సముద్రం అవతలి ఊళ్ల వీధుల్లో పడుకుంటాయి, ఆ ఊళ్ల పేర్లు అచ్చులో తిరగబడి ఉంటాయి కనుక నాకు వాటిని వెనక నుంచి చదవడమే అలవాటు, ఎవరెవరో బూట్లతో తొక్కుకుంటూ పోతారు, మాట వరసకైనా ఇది పోసిన చేతులు ఎవరివని అడగరు, ఇప్పుడు మాత్రం పొగ ఎంతని అడుగుతున్నారు, ఎక్కువైతే వాళ్ల రేవులో ఎక్కువ సుంకం, లెక్క చూపకపోతే అందరికన్నా చెడ్డ అంకె ఊహించి మన నెత్తిన పెడతారు, కొత్త రూలు, చల్లటి గదుల్లో కూర్చుని రాసి ఉంటారు, నల్లగా పడే మా ఉమ్మి వాళ్లలో ఒక్కడైనా చూశాడా, అయినా ఈయన చెడ్డవాడిలా లేడు, చెమటలు కక్కుతున్నాడు, అమ్మా కాసిన్ని మంచినీళ్లు ఇప్పిస్తారా అన్నాడు, ఇచ్చాను, తాగి గ్లాసు కింద పెడుతూ ఆ టార్పాలిన్ వైపు చూశాడు.

దాని కింద ఏముందండీ, అని మామూలుగానే అడిగాడు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మా వాడు వెంటనే అందుకున్నాడు, పాత సామాను సార్, తుక్కు, మా నాన్నగారి కాలంది, ఎప్పుడో ఆపేశాం, నాన్న కాలంది అన్న మాట ఒక్కటే నిజం, నాన్న ఇక్కడే నిలబడి నవ్వాడు నన్ను చూసి, మా సందులో కుట్టుపనాయన మసి పడ్డ తెల్లబట్టల మూట మోసుకొచ్చిన రోజున, అయ్యా నా గిరాకీ పోతోంది, కాస్త ఈ పొగ సంగతి చూడండి అంటే నాన్న, పొగ లేకుండా అన్నం ఉడుకుతుందా అని తోలేశాడు, అప్పుడు నేను అడ్డం పడ్డాను, కరెంటు కొలిమి పెడదాం నాన్నా, అమ్మ కూడా దగ్గుతోంది అని, అంత పెద్దదానివి అయ్యావా అని నవ్వాడు, పనివాళ్లూ నవ్వారు, వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను, ఇప్పుడు అదే నవ్వు మళ్లీ వినిపించింది, టార్పాలిన్ కింద నుంచే వచ్చినట్టుంది, ఒళ్లు మండింది, తాడు ముడి లాగేశాను, అక్కా అక్కా అంటూ వాడు, రెండో ముడి, మూడోది, జర్రున జారి పడింది నీలం గుడ్డ, మా మొహాలన్నిటికీ వేడి కొట్టింది.

ఇదండీ మా కొలిమి, నిన్నటిదాకా మండింది, మీ మూతలన్నీ ఇందులోంచి పుట్టినవే, రాసుకోండి అన్నాను, కొలతలాయన నెమ్మదిగా, అమ్మా, ఇది రాస్తే మీ ఆర్డరు ఆగిపోతుంది, తెలుసా, తెలుసు, రాయండి, కానీ ఊహించి కాదు, కొలిచి రాయండి, నా పొగ ఎంతో అంతే, ఆవగింజంత తక్కువొద్దు, ఎక్కువా వద్దు, ఇంకో మాట కూడా రాయండి, పొగొచ్చే పని మాకు వదిలేసి పొగ లేని మూత మీకు కావాలంటే ఎలా, మీ ఊళ్ల కొలుములు తరాల తరబడి పొగ వదిలి అలిసిపోయాకే కదా ఈ పని ఓడ దిగి మా సందులోకి వచ్చింది, మారమంటున్నారు, మారతాం, మారేదాకా ఆగే ఓపిక మీకూ ఉండాలి, రూలు నేను రాయలేదమ్మా అన్నాడాయన, రాసినవాళ్లు ఎక్కడుంటారో చెప్పండి, వాళ్లతో నేనే చెబుతాను అన్నాను, వాళ్లు ఈ వ్యాపారాల సంగతి మాట్లాడటానికి వచ్చే వారం మన మంత్రిత్వ శాఖకు వస్తున్నారు, పెద్ద ఫ్యాక్టరీల వాళ్లు వెళ్తారు, మీలాంటి చిన్న షెడ్ల వాళ్లు రారు అన్నాడు, పిలిస్తేగా రావడానికి, ఈసారి పిలవని పేరంటానికే వస్తాను, కుర్చీ లేకపోతే నిలబడి మాట్లాడతాను.

ఆయన మా బొగ్గు లెక్కల పుస్తకం తిరగేసి పొగ లెక్కకట్టుకుని వెళ్లిపోయాడు, సాయంత్రానికి ఫోన్ వచ్చింది, ఆర్డరు ఆపేశారు, సరుకు ఎక్కించుకోవడానికి వచ్చిన లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది, కూర్చున్న కొమ్మ నరికేశావక్కా అన్నాడు తమ్ముడు, కొమ్మకు నిప్పంటుకుని చాలా కాలమైందిరా, నువ్వు గుడ్డ కప్పావు, నేను తీశాను, అంతే తేడా, వాడు ఇసుక గుట్ట మీద కూలబడి ఇస్త్రీ చొక్కాకు మసి అంటుతున్నా పట్టించుకోలేదు, జాలేసింది, చెడ్డవాడు కాదు, భయస్థుడు, మేస్త్రీ దగ్గరికొచ్చి రేపు పనికి రావాలా అమ్మా అని అడిగాడు, రండి, పంపు చక్రాల చిన్న ఆర్డరుంది, దానికి బుల్లి కొలిమి చాలు, కడుపు నిండదు, అయినా రండి, మిగిలిన చేతులతో ఈ పెద్దదాన్ని ఇటుక ఇటుకగా విప్పుదాం అన్నాను, వాళ్లకు భయపడా అమ్మా అన్నాడు, ఆ మాట దగ్గర ఆగిపోయింది నా మనసు, పొద్దుట్నించి పరిగెత్తీ పరిగెత్తీ అక్కడ నిలబడింది, భయపడా, కాదు, వాళ్ల రూలు పుట్టకముందే, వాళ్ల రేవులో సుంకం లేకముందే, ఈ నేల మీదే నిలబడి నేను నాన్నను అడిగాను, అందరూ నవ్వినా అడిగాను, మేస్త్రీ, వాళ్లు ఆపమన్నారని కాదు, నేను ఆపమన్నానని ఆగుతోంది ఈ పొగ.