గుంజ చేతులు

పొద్దున్నే ఆరింటికి వ్యాయామశాలలో పరుపులు పరచడం గుంజ పని. భుజాలు వెడల్పని తోటి పిల్లలు పెట్టిన పేరది. చెక్క నేలంతా బంతాట కుర్రాళ్ళది. ఆటగాళ్ళకి హుషారెక్కించే చీర్‌లీడింగ్ జట్టుకి మిగిలింది సామాన్ల గది ముందున్న మూల. అక్కడే గుంజతో కలిపి నలుగురమ్మాయిలు, పిచ్చుక అని పిలిచే ఐదో అమ్మాయిని పైకి విసిరి పట్టుకుంటారు. పట్టేవాళ్ళకి టీచరు పెట్టిన నియమం ఒక్కటే: పిచ్చుక మొహం మీంచి చూపు తీయకూడదు.

నలుగురిలో ఒక్కరు చూపు తీసినా పిచ్చుక దిగదు. పైకప్పు దూలాల కింద గాల్లో అలాగే ఆగిపోతుంది. మొన్న ఒకమ్మాయికి తుమ్ములు పట్టుకుంటే, ఊడ్చే ఆవిడ వచ్చి, "ఇంకా దిగలేదా తల్లీ?" అని ఆ మూల వదిలేసి మిగతాదంతా ఊడ్చుకుని పోయింది.

పోటీలకి ఇంకా మూడు రోజులుందనగా, పిచ్చుకని విసిరిన క్షణాన గుంజ నాన్న వచ్చాడు. బస్తాలు మోసే మనిషి. కూతురి పేరు జట్టులోంచి తీసేయమని రాయించిన కాగితం జేబులో ఉంది.

"పదవే ఇంటికి. మగపిల్లల ఆటకి చప్పట్లు కొట్టించడం కూడా ఒక ఆటేనా?"

"ఆగు నాన్నా, చేతులు ఖాళీ లేవు," అంది గుంజ పైకి చూస్తూనే.

"ఖాళీగానే ఉన్నాయిగా!" జబ్బ పట్టుకుని పక్కకి లాగాడు. "మిగతా ముగ్గురూ పడతార్లే."

"ముగ్గురికి దిగదండీ," అంది టీచరు.

"పర్లేదు బాబాయ్, మాట్లాడుకోండి. నేనుంటాను," అంది పిచ్చుక పైనుంచి.

ఆయనకి రోషమొచ్చింది. కూతురి చోట నిలబడి చేతులు చాపాడు. "దిగమ్మా, నువ్వెంత బరువని!"

"మీరు నన్ను చూడట్లేదు బాబాయ్. మిమ్మల్నెవరైనా చూస్తున్నారేమోనని గుమ్మం వైపు చూస్తున్నారు."

ఆయన తలెత్తాడు. ఇరవై ఏళ్ళు బరువు కింద వంగిన మెడ. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు కూడా నిలవలేదు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ వాలిపోయింది.

"జరుగు నాన్నా," అంది గుంజ మెల్లగా.

జరిగాడు. గుంజ పైకి చూసింది. పిచ్చుక నలుగురి చేతుల్లోకి దిగింది. దెబ్బకి గుంజ ముంజేతులు ఎర్రగా కందిపోయాయి. ఆ ఎరుపు కింద పాత కమిలిన మచ్చలు. ఆయన వాటిని చూసి, తన ముంజేతులు చూసుకున్నాడు.

"రోజూ ఇంతేనా?"

"రోజూ."

కాగితం బయటికి రాలేదు. ఆయన వంగి, పరుపుని అలవాటుగా వీపు మీదికి ఎత్తుకోబోయాడు.

"అలా కాదు నాన్నా," అంది గుంజ. "ఆ కొస నువ్వు పట్టుకో. నన్ను చూస్తూ నడువు."