విరిగినవి అనే ఫోల్డరు

డాబా మీద ఒక పక్క మిరపకాయలు ఎండుతున్నాయి. ఇంకో పక్క, మెట్లగది నీడలో, సఫూరా ఒళ్లోని లాప్‌టాప్‌లో కోట్ల ఏళ్ల నాటి సముద్రం ఉంది. చీరాల వైపు ఎక్కడో బోరు వేస్తే లోతునుంచి వచ్చిన మట్టి అది. మట్టినంతా ఆసిడ్‌లో కరిగించగా మిగిలిన పెంకులను అఖిల ఫొటోలు తీసి పంపింది. ఇద్దరూ ఎమ్మెస్సీలో ఒకే బెంచీ. అఖిల లెక్చరరైంది, సఫూరా కోడలైంది.

అవి డైనోఫ్లాజెల్లేట్ల పెంకులు. కంటికి ఆనని ఆ జీవులు కాలం బాగోలేనప్పుడు చుట్టూ పెంకు కట్టుకుని నిద్రపోయేవి. లేచాక గోడలో ఒక తలుపు తెరుచుకుని ఈదుకుంటూ పోయేవి. సఫూరాకి ఆ నిద్ర మీద కొంచెం అసూయ.

వాటిలో వెడల్పుగా, పొట్టి కొమ్ములతో ఉన్నవాటిని ఆమె కొత్త జాతి అనుకుంది. సాయంత్రం ఐదింటికల్లా అఖిలకి వర్ణన పంపాలి. అది నిలబడితే ఆ జీవి పేరు ఉన్నన్నాళ్లూ పక్కన ఆమె పేరుంటుంది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా అచ్చవలేదు.

తాలుకాయలు ఏరుతున్న అత్తగారు కరీమున్ మెడ చాచి తెరలోకి చూసింది. ముప్పై ఏళ్లు కల్లాల్లో కాయలు గ్రేడు చేసిన కళ్లు అవి.

“ఈ రెండూ వేరే రకాలా?”

“అవునత్తమ్మా. ఇది సన్నం, ఇది వెడల్పు.”

“వెడల్పు కాదమ్మాయ్, అణిగింది. అడుగున పడ్డ కాయ అట్లాగే ఉంటది. కాయని చూసి రకం చెప్పకు, తొడిమ చూడు.”

ఈ పెంకులకు తొడిమంటే తలుపే. సఫూరా చూసింది. రెండింటికీ తలుపు వీపు మీదే, అదే చోట, అదే ఆకారం. కొత్త జాతి ఆమె కళ్ల ముందే పాతదైపోయింది. ఎండకి మిరపకాయలు గలగలమన్నాయి, దూరపు అలల్లా.

“మరి అదేంది, మొండిది?” కరీమున్ తెర మూలన వేలు పెట్టింది.

“అవి కొన విరిగినవి. పక్కన పడేశా.”

“విరిగితే అంచు పలుగులు పలుగులుగా ఉంటది. ఇది నున్నగా లేదూ? తొడిమ దానంతటది ఊడింది.”

సఫూరా ‘విరిగినవి’ ఫోల్డరు తెరిచింది. పదకొండు. పదకొండింటికీ అంచు నున్నగా, ఒకేలా, గిన్నె మూత తీసినట్టు ఉంది. తలుపు కొననే ఉంది. మిగతా రూపు కూడా తనకు తెలిసిన దేనితోనూ కలవలేదు.

అఖిలకి ఫోన్ చేసింది. “ఐదింటికి పంపలేనే.”

“ఏమైందే? కొత్త జాతి?”

“అది పాతదే, అణిగింది. కొత్తదిగా కనిపించేది విరిగినవాటిలో ఉంది. ఒక వారం ఇవ్వు.”

“ఎవరు పట్టుకున్నారు?”

“మా అత్తమ్మ. మిర్చి డిపార్ట్‌మెంటు.”

కరీమున్ తాలుకాయల బుట్ట పక్కకు నెట్టి, తెరకేసి ఇంకోసారి చూసింది.

“ఇంతకీ లోపలున్నది ఎటు పోయినట్టు?”

“ఈదుకుంటూ పోయిందత్తమ్మా. అప్పుడిదంతా నీళ్లే.”

“తలుపన్నా వేసుకోకుండానా?” అంది కరీమున్, మందలింపుగా.

సఫూరా ఫోల్డరు పేరు చెరిపేసి మొదటి వాక్యం రాసింది: తలుపు కొనన ఉంటుంది, అంచు నున్నన.